పాలూ బ్రెడ్డూ పథ్యమేనా?

ప్రశ్న: మా అత్తగారికి అరవై దాటాయి. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అన్నం తగ్గించమని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి పొద్దున నాలుగు, రాత్రి నాలుగు బ్రెడ్డు ముక్కలు పాలలో నానబెట్టుకుని తింటున్నారు. "నోరు కట్టుకుని అన్నం మానేశాను, అయినా షుగరు దిగదేమే?" అని రోజూ బాధపడుతున్నారు. కొట్లో దొరికే తెల్ల బ్రెడ్డులో అసలేముంటుంది? ఆవిడకి ఎలా చెప్పమంటారు?
– ఒక కోడలు, గుణుపురం

జవాబు: తల్లీ, మీ అత్తగారు నోరు కట్టుకున్న మాట నిజం. ఆ కష్టం వృథాగా పోకూడదనే కాస్త వివరంగా రాస్తున్నాను. ఆవిడ అన్నమైతే మానేశారు గానీ, అన్నంలో ఉండే పిండి పదార్థం మానలేదు. అది బ్రెడ్డు రూపంలో లోపలికి వెళ్తూనే ఉంది.

ఈ జవాబు రాయడానికని మా వీధి చివరి కొట్టు నుంచి 400 గ్రాముల ప్యాకెట్టు తెప్పించి ముందు పెట్టుకున్నాను. కవరు వెనక, అతుకు పక్కన, కళ్లజోడు ఉన్నా కష్టపడి చదవాల్సిన అక్షరాల్లో దినుసుల వరుస ఉంది. మొదటి మాట మైదా. తరవాత చక్కెర, ఈస్టు, వంటనూనె, ఉప్పు, గోధుమ గ్లూటెన్ (గోధుమలో ఉండే సాగే ప్రొటీను). చివర్న 282, 471, 481 అని మూడు అంకెలు. ఏది ఎక్కువ బరువు పడితే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. 282 అంటే కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేస్తారు. మిగతా రెండూ బ్రెడ్డు మెత్తగా ఉండటానికి. చాలామంది ఈ అంకెలు చూసే భయపడతారు. ఇవి అనుమతి ఉన్నవే, మీ అత్తగారి షుగరుకి వీటితో సంబంధం లేదు. చూడాల్సింది ఆ మొదటి మాటని.

100 గ్రాముల తెల్ల బ్రెడ్డులో ఇంచుమించు 250 క్యాలరీలు, 50 గ్రాముల పిండి పదార్థం, 8 గ్రాముల ప్రొటీను, 2 నుంచి 3 గ్రాముల కొవ్వు, అంతే పీచు ఉంటాయి. కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. ఒక్కో ముక్క 25 గ్రాములు వేసుకోండి. నాలుగు ముక్కలంటే 100 గ్రాములు, 50 గ్రాముల పిండి పదార్థం. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో ఉండేది 28 గ్రాములే. అంటే ఆ నాలుగు ముక్కలూ దగ్గర దగ్గర 180 గ్రాముల అన్నంతో సమానం. రోజుకి ఎనిమిది ముక్కలంటే, ఆవిడ వద్దనుకున్న అన్నం రెండు పూటలా తిన్నట్టే.

మరి తేలికగా ఎందుకు అనిపిస్తుంది? అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లు. బ్రెడ్డులో నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ. ఈస్టు పుట్టించిన వాయువుని గ్లూటెన్ సాగి పట్టి ఉంచుతుంది, అందుకే ముక్క పొంగి కనిపిస్తుంది. వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి, నాలుగు ముక్కలూ కలిపి పిడికిట్లో పట్టేస్తాయి. పైగా పాలలో నానితే నమిలే పని కూడా ఉండదు. రెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ, గంట తిరక్కుండా మళ్లీ ఆకలి. గ్లూకోజు 100 అనుకుని రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ ఒకటుంది. అందులో తెల్ల బ్రెడ్డు సగటున 75, తెల్లన్నం 73. తేడా ఎక్కడుంది చెప్పండి?

షుగరు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆవిడ బీపీ. బ్రెడ్డు ఉప్పగా ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 100 గ్రాముల్లో 500 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. ఎనిమిది ముక్కల్లో 1000. రోజు మొత్తానికి 2000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సగం బ్రెడ్డుకే పోయింది. మధ్యాహ్నం కూరలో ఉప్పు, మాగాయ ముక్క, మన వైపు వారానికి రెండుసార్లు తప్పని ఎండుచేప ఇవన్నీ ఇంకా లెక్కలోకి రాలేదు.

మైదా చేసేటప్పుడు గోధుమ పైపొట్టు, మొలక వచ్చే భాగం తీసేస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాములకి పైనే, మైదాలో 3 గ్రాముల లోపు. ఇనుము 4 మిల్లీగ్రాముల నుంచి 2 కన్నా తక్కువకి పడిపోతుంది. అవే పట్టికల్లో చోళ్లు, అంటే రాగులు, చూడండి: కాల్షియం 364 మిల్లీగ్రాములు. మైదాలో 20 దగ్గర. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల కొండల్లో చోళ్ల సాగు మళ్లీ నిలబెట్టడానికి ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ పెట్టింది. సంతలో చోళ్లు కళ్లెదుటే ఉన్నాయి. పొద్దున్నే చోడి అంబలి తాగి పనికి వెళ్లిన ఇళ్లల్లోనే ఇవాళ పిల్లల చేతికి టీ, బ్రెడ్డు ఇస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే బ్రెడ్డు విషమని నేననను. నాలుగు ముక్కల్లో 8 గ్రాముల ప్రొటీను తక్కువేం కాదు, అదే బరువు అన్నంలో 3 గ్రాములైనా ఉండదు. గోధుమ ప్రొటీనులో లైసీన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీనులో ఒక భాగం) కొరత, దాన్ని గుడ్డో పాలో పప్పో తీరుస్తాయి. జ్వరపు మనిషికి పాలూ బ్రెడ్డూ పెట్టే అలవాటూ తప్పు కాదు. పీచు తక్కువ కాబట్టే నీరసించిన కడుపుకి సులువుగా అరుగుతుంది. బరంపురంలో ఆసుపత్రి వంటగదికి పథ్యం చీటీలు రాసిన రోజుల్లో, విరేచనాలు తగ్గుముఖం పట్టినవాళ్లకి ఒకటి రెండు పూటలు నేనే బ్రెడ్డు రాసేదాన్ని. చిక్కల్లా ఆ రెండు పూటల పథ్యం ఏళ్ల తరబడి టిఫిను అయిపోవడం. జ్వరానికి పథ్యం కదా, షుగరుకీ పథ్యమే అనుకుంటారు. మన ఇళ్లల్లో చాలామంది పెద్దవాళ్ల నమ్మకమూ ఇదే.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఒకరోజు బ్రెడ్డు తిన్న రెండు గంటలకి, మరో రోజు చిన్న గిన్నెడు అన్నం, పప్పు, కూర తిన్న రెండు గంటలకి చూడండి. ఆ అంకెలు ఆవిడనే చదవమనండి. మనం చెప్పేదానికన్నా అది బాగా నాటుతుంది. పొద్దున బ్రెడ్డే కావాలంటే రెండు ముక్కలు, ఉడికించిన గుడ్డుతోగానీ ఉడికించిన శనగలతోగానీ. పాలు విడిగా, చక్కెర లేకుండా. రాత్రికి పలచటి చపాతీ రెండు, లేదా కొలిచిన కొద్దిపాటి అన్నం, పక్కన గిన్నె నిండా దాల్మా. మీ వీధిలో ఒడియా వాళ్ల ఇళ్లల్లో కందిపప్పులో బొప్పాయికాయ, వంకాయ, గుమ్మడి ముక్కలు వేసి వండుతారే, అది. పప్పూ పీచూ ఒకేచోట దొరుకుతాయి, పోపు ఘుమఘుమకి ఉప్పు తగ్గినా తెలియదు. చోడి అంబలి ఇవ్వొచ్చు, కానీ అదీ పిండి పదార్థమే. ఒక గ్లాసు చాలు. తిండి మార్చేముందు డాక్టరుగారికి చెప్పండి. మాత్రలు వేసుకుంటూ ఉన్నట్టుండి తిండి తగ్గిస్తే షుగరు మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

ప్రశ్న: తెల్లది మానేసి బ్రౌన్ బ్రెడ్డు కొంటున్నాం. మంచిదే కదా? – రాయగడ పాఠకుడు

జవాబు: రంగు చూసి కొనకండి బాబూ. దినుసుల్లో మొదటి మాట మైదా అయి, చివర్లో 150 అంకె కనిపిస్తే అది కారమెల్ రంగు. పూర్తి గోధుమపిండి అని మొదట రాసి, ఎంత శాతమో కూడా వేసి ఉంటే తీసుకోండి. పీచు, ఇనుము మెరుగే. అయినా మెత్తగా ఆడిన పిండి కాబట్టి దాని గ్లైసీమిక్ ఇండెక్స్ కూడా 74 దగ్గరే ఉంది. షుగరున్నవాళ్లు బ్రౌన్ కదా అని ముక్కలు పెంచడానికి లేదు.

ప్రశ్న: బ్రెడ్డులో క్యాన్సరు తెచ్చే మందు కలుపుతారని విన్నాను. బేకరీలో కవరు కట్టి అమ్మేది కొనొచ్చా? బూజు వచ్చిన చోట తుంచేసి తింటే ఫరవాలేదా? – ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: మీరు విన్నది పొటాషియం బ్రోమేటు గురించి. పిండి బాగా పొంగడానికి వాడేవారు. మనుషుల్లో క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటిలో దీన్ని చేర్చారు. 2016లో ఢిల్లీలోని ఒక పర్యావరణ సంస్థ బ్రెడ్డు నమూనాల్లో దీన్ని బయటపెట్టాక, అదే ఏడాది జూన్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దేశమంతటా నిషేధించింది. ఇంట్లో చూసి కనిపెట్టే వీలు లేదమ్మా. అందుకని దినుసులు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు లేని కవరు కొనకండి. బేకరీ ఎంత తెలిసినవాళ్లదైనా అవి వేయమని అడగండి, అడిగే హక్కు మీకుంది.

బూజు ముక్క తుంచి మిగతాది తినడం వద్దే వద్దు. పైకి పచ్చగా కనిపించేది కొంతే, దాని పోగులు లోపలికి పాకి ఉంటాయి. మొత్తం పారేయండి, పిల్లలకీ పశువులకీ పెట్టకండి. వానాకాలంలో చిన్న ప్యాకెట్టే కొనుక్కోండి. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది గానీ ముక్కలు తొందరగా గట్టిపడతాయి. మిగిలినవి పైన ఐసు పెట్టే అరలో ఉంచి, కావలసినప్పుడు తీసి పెనం మీద వేడి చేసుకోండి.