నిధులు అడగబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అల్లర్లతో, హింసతో దెబ్బతిన్న పేటల జనం మానసికంగా కోలుకోవడానికి అమెరికా ప్రభుత్వం 2016లో బాల్టిమోర్ వంటి నగరాలకు నిధులివ్వడం మొదలుపెట్టిందని చదివి, మన బస్తీల వాళ్ల మానసిక ఆరోగ్యం కోసం నీ సంఘం తరఫున కర్నూలు కార్పొరేషన్‌ను కూడా అలా అడగవచ్చా అని రాశావు. ఆ పేరుతో ఒక పద్దు సిద్ధంగా ఉంటుందని మాత్రం అనుకోకు. అయినా అడుగు. అవసరం మన కళ్ల ముందే ఉంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు అందరూ బియ్యం, దుప్పట్లు, పరిహారం గురించే మాట్లాడారు. ఇళ్లు కడిగి సున్నం వేసుకోగానే పని అయిపోయిందనుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, గట్టి వాన పడితే చాలు, పిల్లల సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని రాత్రంతా మేల్కొని కూర్చునే తల్లులను చూశాను. వాళ్లను ఆసుపత్రికి పొమ్మన్నవాళ్లు లేరు. నువ్వు అడిగే డబ్బు వాళ్ల కోసం.

అందుకే గట్టిగా చెబుతున్నాను: సభలకూ శిబిరాలకూ డబ్బు అడగకు, మనుషుల కోసం అడుగు. ఫ్లెక్సీ కట్టి, భోజనాలు పెట్టి ఒకరోజు శిబిరం జరిపితే ఖర్చు చూపించడం సులువే. మర్నాడు ఆ వీధిలో పలకరించే దిక్కుండదు. ప్రతి బస్తీలో ఆ బస్తీకే చెందిన, విన్న మాట బయటపెట్టని ఒక స్త్రీని ఎంచుకో. ఆమెకు నెలనెలా గౌరవ వేతనం, శిక్షణ, పెద్దాసుపత్రికి తోడు వెళ్లేందుకు ఆటో ఖర్చు ఇవ్వాలి. మందులు మానేశారేమోనని రెండో నెలా మూడో నెలా మళ్లీ తలుపు తట్టేందుకు ఆమెకు తీరిక కూడా ఉండాలి. బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఇక్కడికే పోవాలి. పొదుపు సంఘాల్లో అలాంటివారు దొరుకుతారు. పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా తరఫున బస్తీల్లో తిరిగే ఆర్పీలకు (రిసోర్స్ పర్సన్లకు) ఇప్పటికే తలకు మించిన పని, జీతం లేకుండా ఇది కూడా వాళ్ల మీద రుద్దకు.

ఆమె డాక్టరు కాదని ఆమెకూ బస్తీకీ స్పష్టంగా తెలియాలి. మానసిక ప్రథమ చికిత్స మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శి మూడు పనులే చెబుతుంది: చూడటం, వినడం, సాయం దొరికే చోటికి చేర్చడం. అంతవరకే నేర్పించు. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా అని అడిగితే మనుషులు నోరు విప్పుతారు. చచ్చిపోవాలనుందన్న మాట వినబడితే ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వేళకాని వేళ మాట్లాడటానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416, ఉచితం. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే కేసు పెడతారన్న భయం ఇళ్లలో ఇంకా పోలేదు. అలాంటివారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అంటోంది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్. ఆ సంగతి ఆమె ధైర్యంగా చెప్పగలగాలి.

ఇక దరఖాస్తు. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక సంక్రాంతిలోపే కమిషనరుకు ప్రతిపాదన ఇచ్చి, నకలు జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి పంపు. పొదుపు సంఘాల సమాఖ్య భవనంలో ఒక గది ఇచ్చినా, పట్టణ ఆరోగ్య కేంద్రానికి వారానికొక పూట మానసిక వైద్యుణ్ణి పంపినా అదీ నిధి కిందే లెక్క. 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మన పొరుగున బళ్లారిలోనే తయారైందని రాయి. ఈ పని కొత్తది కాదని అధికారులకు తెలుస్తుంది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ ఉన్నాయి గానీ, వాటికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ, కంపెనీల శాఖ దగ్గర చేయించుకునే సీఎస్సార్-1 నమోదులతో పాటు మూడేళ్ల పని అనుభవం చూపాలి. నీ సంఘం కొత్తది, అనుభవమున్న సంస్థతో కలిసి వెళ్లు.

ఒక్క విషయంలో నా మాట దాటకు. ఎవరి దుఃఖాన్నీ దరఖాస్తుకు అలంకారం చేయకు. రైతు భర్త ఉరి వేసుకుని పోయిన ఇల్లాలి ఫొటో అట్ట మీద వేస్తే డబ్బు తొందరగా వస్తుందని నీకు చెప్పేవాళ్లుంటారు. ఆ ఇంటి పిల్లలు అదే ఊళ్లో బడికి పోవాలి. చికిత్స పొందేవారి వివరాలూ ఫొటోలూ గోప్యంగా ఉంచాలని ఇందాక చెప్పిన 2017 చట్టమే చెబుతోంది. ఎంతమందిని కలిశారు, ఎందరు ఆసుపత్రికి చేరారు, మూడు నెలల తర్వాత ఎందరు మందులు వాడుతున్నారు అన్న లెక్కలు చాలు. పేర్లున్న పుస్తకం బీరువాలో ఉండాలి.

మంజూరైన డబ్బు విడతలుగా వస్తుంది, ఆలస్యంగానూ వస్తుంది. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఇవ్వనిదే తర్వాతి విడత కదలదు, ఓచర్లు ఏ రోజువి ఆ రోజే రాయించు. కనీసం మూడు నెలల వేతనాలు చేతిలో లేనిదే పని మొదలుపెట్టకు. మనసు విప్పించి మధ్యలో మాయమైతే, వాళ్లు ఇంకొకరిని నమ్మరు.

ముసాయిదా రాశాక ముందు బడ్జెట్ పేజీ పంపు. వేతనాల పద్దు చూశాకే మిగతాది చదువుతాను.

పెద్దమ్మ