విలీనాల మీద వ్యాసం రాస్తున్న శ్రావణికి

చి. శ్రావణికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో పెద్ద వైర్‌లెస్ కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతామంటే ప్రభుత్వం అడ్డుకోవాలా అని అడిగి, అడ్డుకోవాలని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఆ మాటతో నాకు పేచీ లేదు, నా అభిప్రాయమూ అదే. ఇబ్బందల్లా ఆ తర్వాత మొదలైంది. మిగిలిన పేరాలన్నీ కంపెనీల దురాశ మీదికి పోయాయి. దురాశ లేని వ్యాపారం ఎక్కడుందమ్మా? దాన్ని ఎంత తిట్టినా, ఫలానా ఒప్పందం ఎందుకు ఆగాలో చదివేవాడికి అర్థం కాదు.

2011 సంగతి నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో ముగిసింది. అసలు సరుకంతా అక్కడే ఉంది. ఆ మార్చిలో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్‌ను 3,900 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది. ఈ కొనుగోలు జరిగితేనే తన 4జీ సేవ జనాభాలో 80 శాతం నుంచి 97 శాతానికి చేరుతుందని, పల్లెలకు మేలు జరుగుతుందని చెప్పింది. వినడానికి ఎంత బాగుంది! అయితే ఆ ఆగస్టులో, ఆ కంపెనీ తరఫు లాయర్లు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఇచ్చిన ఒక లేఖ పొరపాటున బయటపడింది. ఆ 17 శాతం విస్తరణకు అయ్యే ఖర్చు 380 కోట్ల డాలర్లని అందులో ఉంది. అంత ఖర్చు గిట్టుబాటు కాదని కంపెనీ పెద్దలు అంతకుముందే పక్కన పెట్టారని కూడా ఉంది. కొనుగోలుకు పెడతామన్న డబ్బులో పదో వంతు కూడా లేని ఖర్చుతో అయ్యే పనికి పోటీదారునే మింగాల్సిన అవసరం ఏమిటి? ఈ రెండు అంకెలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించు చాలు. దురాశ అన్న మాట నువ్వు వాడక్కర్లేదు, పాఠకుడే అనుకుంటాడు.

విలీనాల మీద రాసేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే. వాళ్లు చూపిస్తున్న లాభం, కలవకుండా రాదా? వస్తుందనుకుంటే ఆ వాదన అక్కడితో సరి. రాదనుకుంటే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఈ వ్యాపారంలో కలిస్తే నిజంగానే వచ్చే లాభాలు కొన్ని ఉన్నాయి. స్పెక్ట్రమ్, అంటే ఫోన్ సంకేతాలను మోసే రేడియో తరంగాలు, తయారు చేసుకునే వస్తువు కాదు, ఉన్నదాన్నే పంచుకోవాలి. టవర్లు వేయడానికి వందల కోట్ల డాలర్లు కావాలి, చందాదారులు పది మంది ఉన్నా కోటి మంది ఉన్నా ఆ ఖర్చులో చాలా భాగం తప్పదు. నీ వ్యాసంలో ఇదెక్కడా లేదు. ఇది తెలిసిన పాఠకుడు ఒక్కడు తగిలినా నిన్ను నమ్మడం మానేస్తాడు.

లెక్క కూడా చూపించు. ఒక్కో కంపెనీ మార్కెట్ వాటా శాతాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడితే మార్కెట్ ఎంత కొద్దిమంది చేతిలో ఉందో తెలుస్తుంది. తలా 25 శాతం ఉన్న నాలుగు కంపెనీలకు అది 2,500. వాటిలో రెండు కలిస్తే 3,750. అమెరికా అధికారుల 2023 మార్గదర్శకాల ప్రకారం ఈ అంకె 1,800 దాటి, విలీనం వల్ల 100కు మించి పెరిగితే ఆ ఒప్పందం పోటీకి చేటు చేస్తుందనే ముందుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సిన భారం కంపెనీలదే. నాలుగు మూడు కావడమంటే ఒక్కటే కదా తగ్గింది అనుకునేవాళ్లకు ఈ అంకె చూపించు.

2011 ఆగస్టు 31న, ఏటీ అండ్ టీ కొనుగోలును ఆపాలని అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది. డిసెంబరులో ఏటీ అండ్ టీ చేతులెత్తేసింది. ఒప్పందం చెడినందుకు 300 కోట్ల డాలర్ల నగదు, దాంతోపాటు కొంత స్పెక్ట్రమ్ వదులుకోవాల్సి వచ్చింది. చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు, నువ్వూ ఆపేశావు. నాకు ఆ తర్వాతి సంగతులే ముఖ్యం. ఒంటరిగా బతకాల్సి వచ్చిన టీ-మొబైల్ 2013లో రెండేళ్ల కాంట్రాక్టులు ఎత్తేసింది. వేరే కంపెనీ వదిలి వచ్చేవాళ్లకు పడే జరిమానాలు 2014లో తానే కట్టింది. 2017 ఫిబ్రవరిలో మరో పెద్ద కంపెనీ వెరిజాన్ అన్‌లిమిటెడ్ ప్లాన్ మళ్లీ తెచ్చిందంటే, వెనక ఈ తాకిడి ఉంది. అడ్డుకోకపోయి ఉంటే వీటిలో ఏది ఎప్పుడు వచ్చేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ తాకిడి పెట్టిన కంపెనీ మాత్రం ఉండేది కాదు.

ఇక స్ప్రింట్. దీన్ని తప్పించుకోవద్దు, నీ వాదనకు గట్టి పరీక్ష ఇదే. 2018లో అదే టీ-మొబైల్, అప్పటి నాలుగు పెద్ద వైర్‌లెస్ కంపెనీల్లో ఒకటైన స్ప్రింట్‌ను 2,600 కోట్ల డాలర్లకు కలుపుకుంటానంది. న్యూయార్క్, కాలిఫోర్నియా ముందుండి కొన్ని రాష్ట్రాలు దావా వేశాయి, ఓడిపోయాయి. 2020 ఏప్రిల్ 1న విలీనం పూర్తయింది. స్ప్రింట్ నిజంగానే నీరసించిపోయిన కంపెనీ. దాని దగ్గరున్న 2.5 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌తో టీ-మొబైల్ 5జీ బలపడిన మాటా నిజం. ఇదంతా రాయి, మొహమాటపడకు.

రాశాక డిష్ దగ్గరికి రా. స్ప్రింట్ పోతే నాలుగో కంపెనీ ఉండదు కదా అన్నవాళ్లకు న్యాయశాఖ చెప్పిన జవాబు, శాటిలైట్ టీవీ కంపెనీ డిష్. స్ప్రింట్ చేతిలోని ప్రీపెయిడ్ సేవ బూస్ట్ మొబైల్‌ను 140 కోట్ల డాలర్లకు దానికి అమ్మించి, సొంత నెట్‌వర్క్ కట్టిస్తామన్నారు. డిష్ కట్టింది కూడా. కానీ 2025 ఆగస్టుకు వచ్చేసరికి దాని మాతృసంస్థ ఎకోస్టార్, దాదాపు 2,300 కోట్ల డాలర్లకు ఏటీ అండ్ టీకే స్పెక్ట్రమ్ అమ్మడానికి ఒప్పుకుంది. బూస్ట్ చందాదారులు ఇక ప్రధానంగా ఏటీ అండ్ టీ టవర్ల మీద నడుస్తారన్నమాట. బతికున్న పోటీదారుని పోనిచ్చి, షరతులతో కొత్తవాణ్ణి పుట్టిస్తామనే మాటను నేను నమ్మనిది ఇందుకే. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలని నా కోరిక. షరతులు పెట్టి ఒప్పుకోవడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది. ఆ షరతులను ఐదేళ్లు కాపలా కాసే ఓపిక ఏ శాఖకూ ఉండదు, ఈలోగా ప్రభుత్వాలూ మారతాయి.

మొదటి పేరా కొట్టేసి, ఆ లాయర్ల లేఖతో మొదలుపెట్టు. "గుత్తాధిపత్యం" అన్న మాట పదకొండు చోట్ల ఉంది, ఒకచోట ఉంచితే చాలు. విలీనం తర్వాత 2024లో టీ-మొబైల్ పాత ప్లాన్ల ధరలు పెంచిన సంగతి చేర్చు. అయితే ఆ పెంపుకు విలీనం ఒక్కటే కారణమని మాత్రం రాయకు, అది నీ దగ్గర రుజువు లేని మాట. సరిచేసిన ప్రతి పంపు, ఎంత పొడుగైనా చదువుతాను.

ప్రేమతో,
మీ మాస్టారు