రామగిరి పచ్చరాయి, గుత్తి గుండ్లు

ప్రశ్న: రామగిరి పాత బంగారు గనుల చుట్టూ కనిపించే ముదురు పచ్చ రాయి ఒకప్పటి లావా అంటారు. దాని పక్కనే గ్రానైట్ గుండ్లు. లావా చల్లారితే గ్రానైట్ అవుతుందా? (ధర్మవరం పాఠకురాలు)

జవాబు: నేరుగా కాదండీ, మధ్యలో ఇంకో వంట ఉంది. సముద్రపు నేల పలక మరో పలక కిందికి దూరి, సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి దానిలోని నీరు బయటికి వస్తుంది. ఆ నీరు పైనున్న మాంటిల్ (భూమి పైపెంకు కింద ఉండే మందపాటి పొర) రాయికి తగిలితే, అది కరిగే వేడి వందల డిగ్రీలు తగ్గుతుంది. ఐసులో ఉప్పు వేస్తే త్వరగా కరిగినట్టే. అలా కరిగి పైకొచ్చిన బసాల్ట్‌తోనే (ముదురు రంగు లావా రాయి) అగ్నిపర్వతాల వరుస లేస్తుంది. అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఇప్పటికీ ఈ పద్ధతిలోనే మండుతోంది.

అయితే బసాల్ట్‌లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) 50 శాతమే. ఖండపు నేల సగటు 60 దాకా ఉంటుంది, గ్రానైట్‌లో 70 దాటుతుంది. ఈ తేడా ఎలా పూడింది? ఆ బసాల్టే 30, 40 కిలోమీటర్ల లోతున పూడుకుపోయి, తడితోపాటు మళ్లీ వేడెక్కింది. అందులో పదో ఇరవయ్యో శాతం మాత్రమే కరిగితే సిలికా ఎక్కువున్న తేలిక ద్రవం విడివడుతుంది. ఎక్కువ కరిగితే సిలికా పలచబడి, వచ్చేది మళ్లీ బసాల్ట్ వైపే జరుగుతుంది. అందుకే కొంచెం కరగడమే ఇక్కడ అసలు కీలకం. అడుగున మిగిలిన రాయి గార్నెట్ అనే బరువైన ఖనిజంతో బరువెక్కి మాంటిల్‌లోకి జారిపోగలదు. తేలికది పైన నిలిచింది, కాబట్టే ఖండం మునగదు.

రామగిరి రాయి వయసు దాదాపు 270 కోట్ల ఏళ్లు, చుట్టూ ఉన్న గ్రానైట్లలో చాలావాటిది 250 కోట్లకు అటూ ఇటూ. అంత పాతకాలంలో పలకలు ఇప్పటిలాగే కిందికి దూరేవా, లేక లోపలి వేడి రాతి ఊటలే పైకి లేచేవా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగని వాదన. ఇలాంటి రాళ్లు కొన్నింటిలో నయోబియం అనే లోహం తక్కువగా ఉండటం నీటితో పుట్టిన లావాకు గుర్తు. అందువల్ల మొదటిదానికే మా మొగ్గు.

ప్రశ్న: చేతిలో ఉన్న రాయి ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా? (గుత్తి పాఠకుడు)

జవాబు: సాంద్రత చూడొచ్చు. పిడికెడు రాయిని సన్నదారంతో స్ప్రింగ్ త్రాసుకు కట్టి తూచండి. తర్వాత బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, అడుగుకు, గోడకు తగలకుండా మళ్లీ తూచండి. గాల్లో 530 గ్రాములు, నీళ్లలో 330 అనుకోండి. తేడా 200. 530ని 200తో భాగిస్తే 2.65, అంటే గ్రానైట్. పచ్చరాయికి 3 దరిదాపుల్లో వస్తుంది. పైపొర పుచ్చిన రాయి నీళ్లు పీల్చి లెక్క తప్పిస్తుంది, తాజాగా పగిలిన ముక్కనే తీసుకోండి. బుడగలు అంటుకుంటే వేలితో తుడిచేయండి.

ఒక్క చిక్కుంది. మన జిల్లాల్లో గ్రానైట్‌ను కోస్తూ గోడల్లా సాగే నల్ల డోలరైట్‌కూ 3 దగ్గరే వస్తుంది. అక్కడ బరువును నమ్మొద్దు. పచ్చరాయి చాలాచోట్ల పొరలుగా చీలుతుంది, మెత్తటి చోట చాకుతో గీస్తే గీత పడుతుంది. డోలరైట్‌కు పొరలుండవు, దానిమీద చాకు జారుతుంది.