సంతకాలు పెట్టించుకుంటే బాధ్యత తీరదు

ప్రశ్న: నేను లోహపు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర దాదాపు 300 మంది పనిచేస్తారు. 2025 ఆగస్టులో పవర్ ప్రెస్ (లోహాన్ని అచ్చుతో నొక్కే యంత్రం) మీద 30 ఏళ్ల ఆపరేటర్‌కు కుడిచేతి రెండు వేళ్లు తెగిపోయాయి. అతని జీతం నెలకు 24,000 రూపాయలు. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) లేదు. చెయ్యి లోపలికి వెళ్లకుండా ఉండే గార్డు తీసేసి పనిచేశాడు కాబట్టి తప్పు అతనిదేనని, పైగా చేరేటప్పుడే ‘ప్రమాదం జరిగితే నాదే బాధ్యత’ అని రాసిచ్చాడని యాజమాన్యం అంటోంది. ఇప్పుడు సేఫ్టీ ట్రైనింగ్ రిజిస్టర్‌లో పాత తేదీ వేసి నన్ను సంతకం చేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ రిజిస్టర్ సంగతి. దయచేసి దానిలో సంతకం చేయకండి. జరగని శిక్షణ జరిగినట్టు రాయడం దొంగ రికార్డు సృష్టించడమే. ఒక కేసులో ఇలాంటి రిజిస్టరే నా ముందుకు వచ్చింది. పదకొండు నెలల క్లాసులు, అన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. గాయపడిన మనిషి ఆస్పత్రి మంచం మీద ఉన్న రోజున కూడా క్లాసుకు హాజరైనట్టు సంతకం ఉంది. ఆ ఒక్క పేజీ చూశాక యాజమాన్యం చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మలేదు.

మీకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్రమాదం జరిగిన రోజుకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం భద్రతకు మొదటి బాధ్యులు ఆక్యుపయర్ (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి), మేనేజర్. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్. అయితే అదే చట్టం 101వ సెక్షన్ వాళ్లకు ఒక దారి ఇచ్చింది. ‘మేం తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాం, మాకు తెలియకుండా అసలు తప్పు చేసింది ఫలానా మనిషి’ అని రుజువు చేస్తే వాళ్లు బయటపడవచ్చు. శిక్షణ ఇచ్చాను, గార్డులు సరిచూశాను అని మీరు చేసే సంతకం ఆ రుజువుకు పనికొస్తుంది. అప్పుడు ఆ ఫలానా మనిషి మీరే కావచ్చు.

చేరేటప్పుడు అతను రాసిచ్చిన హామీపత్రం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. స్టాంపు పేపర్ మీద రాసినా, నోటరీ చేయించినా అంతే.

మీ యాజమాన్యం వాదనలో కాస్త పస ఉన్నది గార్డు విషయంలోనే. కార్మికుడు తన రక్షణ కోసం పెట్టినదని తెలిసీ గార్డును కావాలని తీసేస్తే, లేదా స్పష్టంగా ఇచ్చిన భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరిస్తే, ఆ కారణంగానే గాయమైతే పరిహారం ఇవ్వనక్కర్లేదని చట్టంలో ఉంది. మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ ఆ మినహాయింపు కూడా వర్తించదు. ఇక్కడ కీలకమైన మాట ‘కావాలని’. అజాగ్రత్తగా ఉన్నాడు, పరధ్యానంలో ఉన్నాడు అంటే సరిపోదు.

కాబట్టి నేను మొదట అడిగేది, ఆ గార్డు ఎప్పటి నుంచి లేదు అని. గార్డు తెరిస్తే ప్రెస్ ఆగిపోయేలా లిమిట్ స్విచ్ పెడతారు. టార్గెట్ అందడం లేదని చాలాచోట్ల ఆ స్విచ్‌ను తీగతో కట్టేసి నడుపుతారు. మీ ప్రెస్ మీద అలాంటి తీగ ఉంటే దాన్ని దగ్గరగా చూడండి. నూనె, దుమ్ము పేరుకుని నల్లబడి ఉంటే అది ప్రమాదం జరిగిన రోజున కట్టింది కాదు. నెలల తరబడి అందరి కళ్లముందే అలా నడిపి, వేళ్లు తెగిన రోజున మాత్రం ‘అతనే తీశాడు’ అంటే నిలబడడం చాలా కష్టం. యంత్రం కదులుతున్నంతసేపూ గార్డు దాని స్థానంలో ఉండేలా చూడడం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ పనే.

అతనికి ఎంత రావాలో లెక్క చెబుతాను. జీతం 24,000 అయినా ఈ లెక్కకు నెలకు 15,000 రూపాయలే పరిమితి. అందులో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకు చట్టంలోని గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టంగా లెక్కిస్తారు కాబట్టి 3,74,364 రూపాయలు. వైద్యం ఖర్చులు వేరే ఇవ్వాలి. చెల్లించాల్సిన రోజు నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు అపరాధ రుసుము అదనం. దావాకు గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. ఈ సంగతి అతనికి ఎవరైనా చెప్పారో లేదో, మీరు చెప్పండి.

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీ దగ్గర ప్రమాదం అంతకుముందే జరిగింది కాబట్టి దానికి పైన చెప్పిన పాత చట్టాలే; ఆ తేదీ తర్వాత జరిగే ప్రమాదాలకు కోడ్‌లు వర్తిస్తాయి. యజమాని నిబంధన పాటించక కార్మికుడికి తీవ్ర గాయమైతే ఏడాది వరకు జైలు, లేదా 2 నుంచి 4 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ. మరణిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికో అతని వారసులకో ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి అయ్యేది ఫ్యాక్టరీలో 500 మంది ఉంటే, ప్రమాదకర ప్రక్రియలైతే 250 మందికే. మీ 300 మందికి ఆఫీసర్ అవసరం పడకపోవచ్చు గానీ భద్రత బాధ్యత మాత్రం తప్పదు.

బూట్లు, గ్లవ్స్ పంచి ఫొటోలు తీసుకోవడమే సేఫ్టీ అనుకునే యాజమాన్యాలను చూస్తే నాకు బాధేస్తుంది. తిరిగే డ్రిల్లింగ్ మిషన్ దగ్గర వదులు గ్లవ్ చేతినే లోపలికి లాగేస్తుంది. ప్రెస్‌కు రెండు చేతులతో నొక్కితేనే దిగే బటన్లు పెట్టించండి, అప్పుడు డై (ప్రెస్‌లోని అచ్చు) కింద చెయ్యి ఉండే అవకాశమే తగ్గుతుంది. డై మార్చేటప్పుడు మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి డై మార్చేవాడి జేబులోనే ఉండాలి. శిక్షణ మిషన్ పక్కనే, అతనికి వచ్చిన భాషలో చెప్పి, చేయించి చూడాలి. సంతకం ఆ తర్వాత, అదే రోజు తేదీతో.

రేపు షిఫ్టుకు వెళ్లగానే మిగతా ప్రెస్‌లన్నీ ఒకసారి చూడండి. తీగ కట్టి ఉన్నదల్లా ఆపించి, ఏ టైముకు, ఎందుకు ఆపారో మేనేజర్‌కు మెయిల్ పెట్టండి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి.