నీడ పెరడా? డిసెంబరాలు పెట్టండి

చెట్టు నీడలో, పొద్దున కాసేపే ఎండ తగిలే పెరట్లో తేనెటీగల్లాంటి ఈగలూ సీతాకోకచిలుకలూ వచ్చే నాటు పూలమొక్క ఏదని అడిగారు. డిసెంబరాలు. ఇంకేమీ వెతక్కండి.

మాది పర్లాకిమిడి. పెరట్లో రెండు పనస చెట్లుండేవి, 2018 అక్టోబరు తిత్లీలో ఒకటి కూలింది (సీతాకోకచిలుక పేరు పెట్టుకుని వచ్చిన తుఫాను మరి!). దాని కింద నలిగిపోయిన డిసెంబరం పొద డిసెంబరుకల్లా లేచి వంగపండు రంగు పూలు పూసింది.

ఒకరోజు రాత్రి మోటారు ఆపడానికి వెళ్లి టార్చి వేస్తే, పొద పక్కన ఎండు పుల్లకి ఏడెనిమిది ఈగలు నోటితో కరచుకుని వరసగా వేలాడుతున్నాయి. కాళ్లు గాల్లోనే. మా ఆవిడ కందిరీగలనుకుని చీపురు తెచ్చింది, నేను చచ్చాయనుకున్నాను. తెల్లారి ఎండ తగలగానే ఒక్కోటే ఝుమ్మని లేచింది, పొట్ట మీద నీలం చారలు మెరుస్తూ. నిద్రపోయాయి, అంతే! వంగ పువ్వుని పట్టుకుని ఒళ్లు అదిరించి పుప్పొడి రాల్చే జాతుల్లో ఇదొకటి, మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. ఆ ఏడు మా నాలుగు వంగమొక్కలు విరగకాశాయంటే వీటి వల్లే, ఎరువు వల్ల అని మా బావ అంటాడు గానీ ఆయనకేం తెలుసు.

నర్సరీకి వెళ్తే మాత్రం సీతాకోకచిలుకల మొక్కని చెప్పి లాంటానా అంటగడతారు. అది ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చి మన కొండలన్నీ ఆక్రమించింది, దానికి మళ్లీ డబ్బులా? డిసెంబరానికి పైసా ఖర్చు లేదు. తొలకరిలో తెలిసినవాళ్లింట్లో జానెడు కొమ్మ విరిచి గుచ్చితే నాటుకుంటుంది, ఎండిన కాయ చిట్లి గింజలు పడి పక్కన పిల్లమొక్కలూ లేస్తాయి. పూలయ్యాక ఫిబ్రవరిలో సగానికి కత్తిరించండి. బొత్తిగా ఎండ లేకపోతే ఆకులే మిగులుతాయి, పొద్దున రెండు గంటలైనా తగలాలి. దోమల మందు కొట్టించకండి, మా వీధిలో పొగ పెట్టిన వారం ఒక్క ఈగ కనబడితే ఒట్టు.

ఇక అసలు గొడవ ఇంట్లోనే. వాసన లేకపోయినా మా ఆవిడకి ఆ పూలు జడలోకి కావాలి, పొద్దున్నే అన్నీ కోసేస్తుంది. చివరికి వీధివైపు కొమ్మలు తనకి, గోడవైపువి ఈగలకి అని ఒప్పందం చేసుకున్నాం. ఇటు వస్తే వానాకాలంలో రండి, గోడవైపు నుంచి నాలుగు కొమ్మలు ఇస్తాను.