మీ ప్రశ్న – నా జవాబు: లైగేజ్‌ను తిట్టుకునే ముందు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం 3,000 బేస్ జతల ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్‌ఏలో) 750 బేస్ జతల, పీసీఆర్‌తో నకళ్లు తీసిన డీఎన్‌ఏ ముక్కను (ఇన్సర్ట్) అతికించాలి. రెండింటినీ ఎకోఆర్1, హిండ్3 ఎంజైములతో కోశాను. ఇన్సర్ట్ మూడు రెట్లు ఉండాలని చదివి, 50 నానోగ్రాముల వెక్టర్‌కు (ప్లాస్మిడ్‌కు) 150 నానోగ్రాముల ఇన్సర్ట్, అతికించే ఎంజైము లైగేజ్ కలిపి 16 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. నాలుగుసార్లు బ్యాక్టీరియాలోకి ఎక్కించి చూసినా ప్లేటు మీద ఒక్క కాలనీ (బ్యాక్టీరియా గుంపు) లేదు. లైగేజ్ పాడైపోయిందా? కొత్తది కొనమని గైడ్ గారిని అడగాలంటే భయం. సబ్మిషన్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అప్పుడే అడగకమ్మా. టీ4 లైగేజ్ గ్లిసరాల్‌లో ఉంటుంది, మైనస్ 20లో కూడా గడ్డకట్టదు, అంత తొందరగా చావదు. పాడయ్యేది దాని పక్కనుండే బఫర్. అతికించే పనికి శక్తినిచ్చే ఏటీపీ, ఎంజైమును కాపాడే డీటీటీ అందులోనే ఉంటాయి. కరిగించి గడ్డకట్టించే కొద్దీ ఏటీపీ తగ్గిపోతుంది.

ఇది నాకు అనుభవం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళంలో మా ల్యాబులో కరెంటు వస్తూ పోతూ ఉండేది. చేపల మార్కెట్ నుంచి ఐసు తెచ్చి, థర్మోకోల్ పెట్టెలో ఎంజైములన్నీ సర్దాను. బఫర్‌ను మాత్రం ‘ఉప్పునీళ్లే కదా’ అని ఫ్రీజర్లోనే వదిలేశాను. అది ఎన్నిసార్లు కరిగి గడ్డకట్టిందో! తర్వాత మూడు వారాలు లైగేజ్‌నే తిట్టుకున్నాను. కొత్త బఫర్‌తో అదే పాత లైగేజ్ వేస్తే మర్నాడు కాలనీలు. అప్పట్నుంచి బఫర్ రాగానే 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పోసేస్తాను. ఒకసారి తీసింది మళ్లీ ఫ్రీజర్లో పెట్టను.

అయితే ‘ఒక్క కాలనీ లేదు’ అన్నారు చూడండి, అక్కడ నాకు వేరే అనుమానం. ఎంత బాగా కోసినా కోతపడని ప్లాస్మిడ్ కాస్త మిగులుతుంది, దానివల్లే నాలుగైదు కాలనీలు వస్తుంటాయి. అవీ లేవంటే ముందు మీ కాంపిటెంట్ సెల్స్‌ను (డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా తయారుచేసిన బ్యాక్టీరియాను) చూడాలి. ఈసారి పక్కన ఇంకో రెండు ప్లేట్లు పెట్టండి. ఒకదానికి అసలు కోయని ప్లాస్మిడ్ కొద్దిగా. అది ఖాళీగా ఉంటే సెల్స్ పనికిరావు, లైగేషన్ గురించి ఆలోచించనక్కర్లేదు. రెండోదానికి ఎకోఆర్1 ఒక్కదానితో కోసి, ఇన్సర్ట్ లేకుండా లైగేజ్ వేసిన ప్లాస్మిడ్. దాని రెండు చివరలూ ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి కాలనీలు బోలెడు రావాలి. వస్తే లైగేజ్, బఫర్ బాగున్నట్టే, తప్పు మీ ముక్కల చివరల్లో ఉంది.

ఇక లెక్క. మూడు రెట్లు అంటే బరువులో కాదు, అణువుల సంఖ్యలో. మీ ఇన్సర్ట్ వెక్టర్‌లో నాలుగో వంతు పొడవే కనుక 50ని 4తో భాగించి 3తో గుణిస్తే 37.5 నానోగ్రాములు. మీరు వేసిన 150 అంటే ఒక వెక్టర్‌కు పన్నెండు ఇన్సర్ట్‌లు! అవి వాటిలో అవే అతుక్కుని కూర్చుంటాయి.

చివరల సంగతి. ప్రైమర్లో (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలో) కోత స్థానానికి ముందు ఎన్ని బేసులు అదనంగా పెట్టారో మీరు రాయలేదు. ఒకటి రెండే అయితే ఎంజైము సరిగ్గా కోయలేదు, ఆరు పెట్టించుకోండి. డీఎన్‌ఏ ముక్కలను వేరుచేసిన జెల్ కోసేటప్పుడు యూవీ కింద నిమిషాల తరబడి ఉంచొద్దు, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. 365 నానోమీటర్ల లైటు ఉంటే అదే వాడండి.

మా అమ్మమ్మది పొందూరు. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ‘దువ్వడం బద్ధకించినవాడికి పోగు నిలవదు’ అనేది ఆవిడ. జెల్ నుంచి తీసిన డీఎన్‌ఏలో శుద్ధిచేసే కిట్‌లోని గ్వానిడిన్ ఉప్పు మిగిలితే ఇక్కడా అంతే, లైగేజ్ మొరాయిస్తుంది. డీఎన్‌ఏను శుద్ధిచేసే కాలమ్‌ను వాష్ బఫర్‌తో ఇంకోసారి కడగండి.

16 డిగ్రీల కోసం హైరానా పడొద్దు. మీవి అంటుకునే చివరలు (ఒక పోగు కాస్త బయటికి పొడుచుకొచ్చినవి), గది ఉష్ణోగ్రతలో గంట చాలు. సమానంగా తెగిన మొద్దు చివరలైతే వేరే కథ. సెల్స్‌లో వేసేటప్పుడు మాత్రం 50 మైక్రోలీటర్ల సెల్స్‌కు లైగేషన్ మిక్స్ 5 మైక్రోలీటర్లు మించనివ్వకండి.