డాక్టర్ సలహా: మూసీ నీళ్లతో పండిన ఆకుకూరలు తింటున్నాం, బాబుకు ప్రమాదమా?

ప్రశ్న: మాది హైదరాబాద్ దాటాక మూసీ ఒడ్డున ఉన్న ఊరు. కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) నీళ్లతో పాలకూర, తోటకూర పండిస్తాం. ఇంట్లోకీ అవే. బోరు నీళ్లు కాచి తాగుతాం. మా ఆరేళ్ల బాబు ఎప్పుడూ నీరసంగా ఉంటాడు, తరచూ కడుపునొప్పి అంటాడు. హిమోగ్లోబిన్ 9 ఉంది. మడిలో దిగితే మావారికి కాళ్లు దురద. మూసీ నీళ్లలో సీసం ఉంటుందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు బాబు సంగతి చూద్దామమ్మా. ఆరేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ కనీసం 11.5 ఉండాలి. 9 అంటే బాగా తక్కువ. సీసం వల్ల కూడా రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి వస్తుంది. కానీ నాకు మొదట వచ్చే అనుమానం ఐరన్ లోపం, కొంకిపురుగుల మీద. మురుగు కలిసిన నీళ్లు పారే మడుల్లో పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగితే ఈ పురుగుల లార్వాలు అరికాళ్ల చర్మంలోంచే ఒంట్లోకి వెళ్తాయి. పేగుల్ని పట్టుకుని రక్తం పీలుస్తాయి. లోహాల భయంలో పడి చాలామంది దీన్ని మర్చిపోతారు. మలపరీక్ష, సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించండి. పురుగులుంటే మాత్రలతో పోతాయి, ఐరన్ సిరప్ కొన్ని నెలలు వాడాల్సి ఉంటుంది.

అలాగని సీసాన్ని వదిలేయమనడం లేదు. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అందుకే అదే రోజు రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించండి. సిర నుంచి తీసిన రక్తంతోనే చేయాలి. జుట్టు పరీక్షలు నమ్మకండి. పిల్లల మెదడు విషయంలో సీసానికి 'ఇంతవరకు ఫర్వాలేదు' అనే హద్దు లేదు. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి ఉంటే అదెక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి మూసీయే కారణం కానక్కర్లేదు. పెచ్చులూడే పాత పెయింట్, ఇంటి దగ్గర పాత బ్యాటరీలు విప్పే పని, కల్తీ పసుపు, సుర్మా, నాసిరకం కళాయి గిన్నెలు కూడా కారణం కావచ్చు. సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 మైక్రోగ్రాములు దాటితేనే, ఆస్పత్రిలో ఇస్తారు. విషం కడుగుతామంటూ అమ్మే పొడులు, భస్మాలు బాబుకు అస్సలు పెట్టొద్దు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసమే ఉంటాయి.

ఇక తాగే నీళ్లు. కాస్తే క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడతాయి. క్యాండిల్ ఫిల్టర్, యూవీ లైటు కూడా వాటిని ఆపలేవు. టీడీఎస్ మీటర్‌లో (నీటిలో కరిగిన లవణాల మొత్తం చూపేది) అంకె తక్కువుందని ధైర్యపడొద్దు. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం (ఇంకో విషలోహం) 0.003 దాటకూడదు. అంత చిన్న లెక్క ఆ మీటర్‌కు అందదు. బోరు నీటిని ల్యాబ్‌లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం పేర్లు చెప్పి పరీక్షించమనండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకీ మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. అవి రాకపోతే, సరిగ్గా సర్వీసింగ్ చేయించిన ఆర్వో నీళ్లు మేలు.

ఆకుకూరల గురించి చెప్పాలంటే నాకు కష్టంగా ఉంది. బాబుకు ఐరన్ కోసం ఆకుకూర పెట్టమని చెప్పాల్సిన డాక్టర్నే, మీ మడిలోది తగ్గించమంటున్నాను. నదిలోకి వ్యర్థాలు వదిలింది మీరు కాదు, తింటున్నది మాత్రం మీరు. కాడ్మియం ఆకుల్లో ఎక్కువగా చేరుతుంది, బీర, బెండ, టమాటా లాంటి కాయల్లో తక్కువ. ఒంట్లో చేరితే కిడ్నీల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కడిగితే ఆకు మీది మట్టి పోతుంది గానీ లోపలికి చేరింది పోదు. అందుకే ఇంట్లోకి మంచినీళ్లతో నాలుగు కుండీల్లో కూర వేసుకోండి. వేరే చోట పండింది దొరికితే అదీ వాడండి. కందిపప్పు, గుడ్లు, బెల్లం పల్లిపట్టీ పెట్టండి, అన్నంలో నిమ్మకాయ పిండండి. ఒడ్డున గడ్డి మేసిన జీవాల కార్జం, గుర్దాలు బాబుకు వద్దు.

మీవారి దురదకు ఎక్కువగా మురుగులోని క్రిములు, ఫంగసే కారణం. గమ్‌బూట్లు వేసుకుని దిగమనండి, బయటికి రాగానే సబ్బుతో కడిగి వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకోమనండి. అరచేతులు, అరికాళ్లలో గట్టి పొక్కులు, ఒంటిమీద నల్ల, తెల్ల చుక్కలు కనిపిస్తే మాత్రం చర్మం డాక్టర్‌కు చూపించి, ఆర్సెనిక్ అనుమానం ఉందని చెప్పండి.

బాబుకు ఆగని వాంతులు, మత్తు, ఫిట్స్ వస్తే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.